పుస్తకంలో పేరు

ఆ ముసలాయన ఇంటి ముందు నిలబడి, గోడ మీది బోర్డు చూసి పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు.

దస్తగిరమ్మ కిటికీలోంచి చూసింది. నిన్న కూడా వచ్చి, తలుపు తాళం చూసి పోయినాడని పక్కింటి సిద్దమ్మ చెప్పింది. దొంగలు ముందు ఇట్లనే చూసిపోతారంట.

"ఎవురప్పా నువ్వు?"

"లాల్‌సాబ్ అంటారమ్మా. పెనుకొండ. సైమా ఉండాదా?"

బిడ్డ పేరు కూడా తెలుసు! ఆమె తలుపు కొంచెం మాత్రమే తీసి నిలబడింది.

"లోపలుండాది. దాని అన్నలు నలుగురూ ఉండారు."

సైమా పట్టు తెచ్చేకి హిందూపురం పోయింది. దానికి అన్నలే లేరు.

"మీ వెబ్‌సైటుకి తాళం గుర్తు వచ్చినాది కదమ్మా. పేజీల అడ్రెస్సులు మారింటాయి. పాతవి నా దగ్గర ఉండాయి, కొత్తవి కావల్ల."

దస్తగిరమ్మ కొంగు బిగించింది.

భర్త పోయినాక ఇంట్లో మగ్గం ఆగకుండా ఆడుతోందంటే ఆ వెబ్‌సైటు వల్లనే. ఎవరు ఫోన్లో ధర్మవరం పట్టు అని వెతికినా సైమా చీరలే ముందు వస్తాయి. కానీ పేజీ తెరిస్తే చాలు, 'సురక్షితం కాదు' అని కనపడుతోందని కొనేవాళ్ళు బెదిరిపోతున్నారు. అందుకే సైమా మొన్ననే సైటును తాళం గుర్తుండే పేజీలకు మార్చింది. "ఇంక దొంగల భయం లేదులేమ్మా" అని కూడా అంది.

మార్చి రెండు దినాలు కాలేదు. అప్పుడే అడిగేటోడు వచ్చేసినాడు.

"మా అడ్రెస్సులు నీకెందుకప్పా? ఓటీపీ కూడా చెప్పల్లనా?"

"అయ్యో, ఓటీపీ వద్దు, పాస్‌వర్డు వద్దు."

"ముందు అందరూ వద్దనే అంటారు."

ముసలాయన నవ్వాడు. తలుపు సందులోంచి మగ్గం వైపు చూశాడు. అయిపోయిన పడుగు నిలువు పోగుల కొసలకు కొత్త పడుగు పోగులు సగం వరకు అతికి ఉన్నాయి.

"పాత కొసలు కోసి పారేసి కొత్త పడుగు ఎక్కిస్తామా అమ్మా? పోగుకు పోగు అతుకుతాం. సైటూ అంతే. పాత పేజీకి వచ్చినోడు కొత్త పేజీలో తేలల్ల. లేకుంటే వెతికినప్పుడు మీ చీరలు యాడో అడుక్కి పోతాయి. పాపకు చెప్పు." మగ్గం వైపు వేలు చూపించాడు. "కుడి పక్క ఒక పోగు వదిలేసినారు, చూసుకోండి."

వాకిట్లోంచి పోగు కనపడిందా ఈ మనిషికి! బార్డరు డిజైను ఎత్తుకుపోయే రకం కాదు కదా? ఆమె మగ్గం కనపడకుండా తలుపుకు అడ్డం నిలబడింది.

"బిడ్డ ఊరి నుంచి వచ్చినాక రాప్పా, మాట్లాడుదువు."

"లోపలుండాదంటివే?"

ఆమె నాలుక కరుచుకుంది.

"సర్లేమ్మా. రేపట్నుంచి నాకు వీలు పడదు. మీ ఒక్క ఇల్లే మిగిలింది."

తొందర పెట్టేవాళ్ళను నమ్మొద్దని టీవీలో రోజూ చెప్తానే ఉంటారు.

"ఆ పుస్తకంలో మా పేరుండాదా?"

"మొదట్లోనే ఉండాదమ్మా."

"కొట్టేయ్."

"ఏందమ్మా?"

"నా కండ్ల ముందరే కొట్టేయ్. ఇంక మా పేరు యాడా పెట్టుకోవద్దు."

"యాడా వద్దా?"

"యాడా వద్దు!"

ముసలాయన పుస్తకం మొదటికి తిప్పాడు. తర్వాత పేరు మీద తిన్నగా ఒక గీత గీశాడు.

"ఇంటోళ్ళు వద్దన్నాక పెట్టుకోకూడదు. కొంచెం నీళ్ళిస్తావా తల్లీ?"

నీళ్ళకని లోపలికి పోతే వెనకాలే వస్తాడు.

"కుళాయి రాలేదు" అని తలుపు వేసేసింది.

సాయంత్రం సైమా అంతా విని నవ్వింది. "నేనెప్పుడో కలిపేసినామ్మా. అరవై రెండు చీరలు, అరవై రెండు పాత పేజీలు, ఒకటీ వదల్లేదు."

పడుగులో మాత్రం కుడి పక్క ఒక పోగు నిజంగానే వదిలేసి ఉంది.

మూడు వారాలకు ఫోన్లో ధర్మవరం పట్టు అని వెతికితే సైమా చీరలు నాలుగో పేజీకి జారినాయి. ఫోను మోగడం ఆగింది. ఆ వెనకే మగ్గమూ ఆగింది.

"ఆ ముసలోడే ఏదో చేసింటాడు. నేను ఆ దినమే అనుకుంటి" అంది దస్తగిరమ్మ.

సైమా అరవై రెండు పేజీలూ మళ్ళీ తట్టి చూసింది. అన్నీ సరిగ్గానే తెరుచుకున్నాయి. చివరికి వేరే చోట దొరికింది తప్పు.

"అమ్మా, మన పక్క మగ్గాలన్నిటి గురించీ రాసే పేజీ ఒకటుండాది. పేపర్లోళ్ళూ, కాలేజీలోళ్ళూ దాన్ని చూసే మన పేరు రాసేది. ఆ పేజీలో మన లింకుండబట్టే వెతికితే మనం పైన ఉంటిమి. దాంట్లో మన పేరు తీసేసినారు."

"తీసేస్తారా! ఫోన్ చేసి అడుగే."

పేజీలో ఉన్న నంబరుకు సైమా స్పీకరు పెట్టి ఫోన్ చేసింది. ఒక ఆడమనిషి ఎత్తింది.

"ఆ పేజీ రాసే మా ఆయన పోయి పన్నెండు దినాలాయ తల్లీ. గుండె ఆపరేషనుకు చేరేముందు ఇల్లిల్లూ తిరిగి అడ్రెస్సులు సరిచేసుకొని వచ్చినాడు. పాస్‌వర్డు ఎవురికీ చెప్పకుండానే పాయ. ఇంక ఆ పేజీలో ఒక్క అక్షరం మార్చేకి కాదు."

"ఎవురంటనే ఆయప్ప?" అంది దస్తగిరమ్మ.

సైమా పేజీ అడుగున ఉన్నది మెల్లగా చదివింది: "ధర్మవరంలో ఒక ఇంటి పెద్దామె వద్దన్నందుకు పేరు తీసినాను, వాళ్ళ నేత మాత్రం మొదటి రకం, ఆమె మనసు మారితే మళ్ళీ అతుకుతాను. ఇట్లు, లాల్‌సాబ్, పడుగులు అతికే కూలి, పెనుకొండ."