చేప ముల్లు, సంగటి ముద్ద

"నోరు తెరవండి మామయ్యా!"

ఓబులేసు కళ్లనీళ్లతో నోరు తెరిచాడు. బందరు నుంచి కాపురానికొచ్చిన కోడలు లావణ్య, ఫోన్ లైటు వేసి గొంతులోకి చూసింది. ముల్లు కనబడలేదు.

ఆయన ఆమె చేతిని పక్కకు నెట్టి, పెద్ద సంగటి ముద్ద తీసుకొని గుటుక్కున మింగాడు. ముల్లు దిగిపోయింది.

"నమిలేటప్పుడు తగల్లేదా?"

"నమిల్తే గదా! సంగటిలో పెట్టుకొని మింగినా."

"చేపనా?"

"సంగటి ముద్దను ఎవురన్నా నములుతారామ్మా?"

లావణ్య ఒకసారి తన కంచం వైపు చూసుకుంది.

"మరి ప్రతి ఆదివారం నా చేపల పులుసు 'శానా బాగుండాది' అంటారు?"

"ఆ నీచు నాలిక్కి తగలకూడదనే మింగేది. మీ అత్తేమో ముక్కు మూసుకొని పక్కింటికి పాయ. నువ్వొక్కదానివే కూసొని తింటాంటే చూడలేక తింటాండా."

లావణ్య ఒక ముక్కకు ముళ్లన్నీ తీసి ఆయన కంచంలో పెట్టింది.

"ఈసారి నమలండి."

ఓబులేసు ఆముదం తాగేవాడిలా మొహం పెట్టి నమిలాడు. ముందు పులుపు, తర్వాత కారం తగిలాయి. మొహం మెల్లగా విచ్చుకుంది.

"దీనెక్క! ఇది ఇట్లుంటాదా? ఇంగొక ముక్క తీయమ్మా."

లావణ్యకు నవ్వాగలేదు. "నేనూ ఒక నిజం చెప్పనా మామయ్యా? మీ సంగటంటే నాకూ అంతే. పెళ్లయినప్పటి నుంచి పళ్లకు అతుక్కుంటుంటే చస్తున్నా."

ఓబులేసు చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది.

"నములుతాండావా? సంగటినా?"