చేయి చూడటానికి వచ్చినాయన

"చేయి ఎలా ఉంది బాబూ?"

మళ్ళీ ఆ పెద్దాయనే. తాపీమేస్త్రి మొహం తిప్పుకున్నాడు.

ఆసుపత్రి వ్యాయామాల గదిలో గోడవారన బెంచీ మీద కూర్చుంటాడాయన. ఎవరి తాలూకో తెలీదు. ఒంట్లో ఏ జబ్బూ ఉన్నట్టు లేదు. మేస్త్రి వచ్చిన రోజే వస్తాడు. మేస్త్రి చేతికేసే చూస్తాడు.

కాంట్రాక్టరు మనిషి అయ్యుంటాడు. చేయి పనికొస్తుందో లేదో కనుక్కుంటే, తన పని ఇంకొకడికి ఇచ్చేయొచ్చు.

సిమెంటు బస్తా ఎత్తినప్పుడు మోచేతిలో పుటుక్కుమంది. మొదట చూసిన డాక్టరు బెణుకన్నాడు. కాపడం పెట్టుకుంటూ, పళ్ళ బిగువున గోడలు కట్టాడు మేస్త్రి. స్కానింగ్ తీసేసరికి, కండని ఎముకకి పట్టి ఉంచే నరం తెగి పైకి ముడుచుకుపోయి ఉంది.

"ఆలస్యమైంది. లాగినా అందదు," అన్నాడు పెద్ద డాక్టరు. "పోయినవాళ్ళు దానమిచ్చిన నరం ఉంది. అది అతికిస్తాను."

అతికించారు. కట్టు విప్పారు. చేయి మాత్రం దుంగలాగే ఉంది. తాపీతో సిమెంటు మాలు తీసి గోడకి కొట్టాలంటే మోచేయి వంగాలి, అరచేయి తిరగాలి. రెండూ లేవు. భార్య అడగడం కూడా మానేసింది.

"ఒక్కసారి వంచి చూపించు నాయనా," అన్నాడు పెద్దాయన.

"ఎందుకు? మీ కాంట్రాక్టరుకి మోసుకెళ్ళడానికా?"

"ఏ కాంట్రాక్టరు?"

"ఏమీ ఎరగనట్టు! వెళ్ళి చెప్పండి, మేస్త్రి ఇంకా చావలేదని."

తువ్వాలు తీసి చేతి మీద కప్పేసుకున్నాడు.

పెద్దాయన లేచాడు. గుమ్మం దగ్గర ఏదో అనబోయి ఆగాడు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

"పీడ విరగడైంది," అనుకున్నాడు మేస్త్రి.

వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చి తువ్వాలు లాగేసింది.

"వంచన్నా. బద్ధకిస్తే ఊరుకోను."

"నీకంటే మా ఆవిడే నయం తల్లీ."

మూలుగుతూ వంచాడు.

చేయి లేచింది. వేళ్ళు భుజాన్ని తాకాయి. అరచేయి తిరిగింది.

మేస్త్రి చేయి దించి, మళ్ళీ వంచి చూసుకున్నాడు.

అమ్మాయి గబుక్కున బెంచీ వైపు చూసింది.

"పెద్దాయనేరీ?"

"పంపించేశాను. కాంట్రాక్టరు మనిషి."

"ఎవరన్నారు?"

"ఎవరనాలి? ఆ చూపు చాలదూ?"

అమ్మాయి వీధిలోకి తొంగి చూసి వచ్చింది. కుర్చీలో కూలబడింది.

"ఇవాళతో ఆఖరన్నారు. ఊరొదిలి కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారు."

"అయితే?"

"నీకు చెప్పొద్దన్నారన్నా. తెలిస్తే మనసుకి బరువవుతుందని."

"ఏం తెలిస్తే?"

"నీకు అతికించిన నరం వాళ్ళబ్బాయిది."