కూర్చునే లైసెన్సు

కార్లు తోలే కాలం పోయి, వాటంతటవే నడిచే కార్లలో ఏమీ తోచని కాలం వచ్చాక, లైసెన్సు కూర్చునేవాళ్ళకే ఇస్తున్నారు. నోరూ కాలూ కదపకుండా కూర్చోవాలి. అది లేనిదే సింగపూర్‌లో కారెక్కనివ్వరు. పట్టాభి దంపతుల ప్రయాణమేమో రేపే.

ఒకప్పుడు టాక్సీ తోలిన పట్టాభి, లేని బ్రేకు తొక్కి ఇప్పటికే మూడుసార్లు పరీక్ష తప్పాడు. ఈసారి సీట్లో బాసింపట్టు వేసుకుని, గేదె అడ్డొచ్చినా గుటకేసి ఊరుకున్నాడు.

"పాసండీ, దిగండి!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

దిగాడు. కారు తనంతట తానే రివర్సులో పార్కింగుకి బయల్దేరింది. పట్టాభి ఉండబట్టలేక పరిగెత్తి డిక్కీ మీద చరిచాడు.

"రానీ... రానీ... కొంచెం లెఫ్టూ... చాల్చాల్!"

"ఫెయిలండీ!"

"దిగాక కూడా పరీక్షేనా సార్?"

"మీరింకా డ్రైవర్ సీట్లోంచి దిగలేదండీ."

ఎప్పుడో పాసై, పక్కన నిలబడి చూస్తున్న భార్య సుభాషిణి నిట్టూర్చింది. "సింగపూర్‌లో నేను కారెక్కుతానండీ. మీరు వెనకాలే 'రానీ రానీ' అనుకుంటూ నడిచొచ్చెయ్యండి."