గీత పడని కారు

"పోయినేటి కన్నా తక్కువుంటే చెప్పు, లేకుంటే పెట్టెయ్," అని విఠల్‌రావు ఫోనులో కసిరాడు. అవతలి మనిషి నిజంగానే పెట్టేశాడు.

పొద్దుటి నుంచీ ఇదే వరస. మనవరాలు మాన్య ఏదో వెబ్‌సైట్‌లో కారు నంబరూ, తాత ఫోన్ నంబరూ కొట్టేసి, అన్ని కంపెనీల రేట్లూ ఒక్కచోటే కనిపిస్తాయని చెప్పి కాలేజీకి చక్కా వెళ్లిపోయింది. రేట్లు కనిపించిన మాట అటుంచి, ఊళ్లో ఉన్న ఇన్సూరెన్స్ వాళ్లందరూ ఆయన మీద పడ్డారు. ఒకరితో మాట్లాడుతుంటే ఇంకొకరి ఫోను. తిందామని కలిపిన పప్పన్నం కంచంలో చల్లారిపోయింది.

అసలు గొడవంతా ఆయన తెచ్చిపెట్టుకున్నదే. ఏటా గడువు లోపలే పాలసీ కట్టే మనిషి, ఈసారి బేరాలాడుతూ కూర్చుని గడువు దాటబెట్టాడు. దాంతో భార్య కోమలవల్లికి ఓపిక నశించింది. పోయినేటి కన్నా తక్కువకు ఈ సాయంత్రం లోపల దొరికితే సరే, లేదంటే పాత సామాను కొనే సాయిలుకు కారు అమ్మేస్తానని తేల్చి చెప్పింది. సాయిలు నిన్ననే వచ్చి చూసిపోయాడు కూడా. ఇక్కడే విప్పుకుని, ముక్కలుగా పట్టుకెళ్తానన్నాడు. ముక్కలన్న మాట విన్నప్పటి నుంచి విఠల్‌రావు ప్రాణం ప్రాణంలో లేదు.

ఉద్యోగంలో ఉండగా అప్పు చేసి కొన్న కారది. మాదన్నపేటలో వాళ్ల గల్లీకి వచ్చిన మొదటి కారు. ఇప్పటికీ పొద్దున్నే లేచి, దేవుడి గదిలోకి వెళ్లకముందే దాన్ని తుడుస్తాడు. ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసినవాడు కాబట్టి, ఏటేటా రెన్యూ అవుతున్నంత కాలం ఏ ఫైలూ మూతపడినట్టు కాదని ఆయన గట్టి నమ్మకం. కారు విషయంలోనూ అంతే.

కోమలవల్లికి ఆ నమ్మకం లేదు.

"కూరగాయలకు పోవాల్నంటే ఆటో. నయాపూల్ పోవాల్నంటే ఆటో. మొన్న మీ చెల్లె వసుధను స్టేషన్ల దింపనీకి గూడ ఆటోనే. మరి గీ కారుకు ఇన్సూరెన్స్ ఏంది?"

"కాగితం లేని బండి బండే గాదు."

"తిరగని బండి బండేనా?"

అంతలో ఫోను మోగింది. విఠల్‌రావు బతుకుజీవుడా అని అందుకున్నాడు.

ఈసారి అమ్మాయి. దొంగతనానికి కూడా కలిపి రేటు చెప్పింది. తన కారును ఏ దొంగా ఎత్తుకుపోలేడని, ఆ డబ్బు తీసెయ్యమని ఆయన పట్టుబట్టాడు. అలా తీయడం కుదరదంది. వరదలో మునిగితే, చెట్టు పడితే, ఎవరినైనా గుద్దితే అంటూ ఆమె ఒక్కొక్కటే చదువుతుంటే, గుద్దే ప్రసక్తే లేదని అడ్డుపడ్డాడు. ఆమె ఆ ఒక్క మాటకే విసిగిపోయి, మేనేజరుతో మాట్లాడి మళ్లీ చేస్తానంది. ఇక చేయదని ఇద్దరికీ తెలుసు.

సూర్యుడు దిగుతున్నాడు. కోమలవల్లి సాయిలు నంబరు వెతకడం మొదలుపెట్టింది.

అప్పుడు ఫోను చేశాడు ఇమ్రాన్ అనే కుర్ర ఏజెంటు. గొంతు మెత్తగా ఉంది, తొందర లేదు. తిరిగిన కిలోమీటర్లను బట్టి కట్టే పాలసీ ఒకటుందని, తక్కువ తిరిగితే తక్కువే పడుతుందని చెప్పాడు. విఠల్‌రావు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఇన్నాళ్లూ ఈ మాట ఒక్కడూ చెప్పలేదే అని ఆయనకు ఒళ్లు మండింది. గడువు దాటింది కాబట్టి కారును చూసి ఫొటోలు తీసుకోవాలన్నాడు ఇమ్రాన్. జల్‌పల్లి నుంచి ఇంకాసేపట్లో వస్తానన్నాడు, అన్నట్టే వచ్చాడు. ఇంటి ముందున్న మల్గీ కొట్టులో కుట్టుమిషన్ మీద ఉన్న దర్జీ ఇషాక్ అతనికి పక్కనున్న ఇరుకు సందు చూపించాడు. ఇమ్రాన్ బైకు గల్లీలోనే ఆపి, లోపలి వాకిట్లోకి నడిచి వచ్చాడు.

రేకుల షెడ్డు కింద కారు తళతళలాడుతోంది. ఇమ్రాన్ చుట్టూ తిరిగి, వంగి చూసి, చేత్తో తడిమాడు. మీటరు ఫొటో తీసుకుని, అంత తక్కువ అంకె చూసి ఆశ్చర్యపోయాడు.

"పాతబస్తీల ఒక్క గీత లేని కారు నేనైతే చూడలే, అంకుల్. ఎట్ల నడుపుతరు మీరు?"

"నిమ్మళంగ నడుపుత," అన్నాడు విఠల్‌రావు గంభీరంగా.

కోమలవల్లి నోరు తెరవబోయి, చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లిపోయింది.

ఇమ్రాన్ ఫోనులో లెక్క వేసి చూపించాడు. పోయినేటి దాంట్లో సగం కూడా లేదు. విఠల్‌రావుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వంటింటి వైపు తిరిగి, సాయిలుకు ఇక ఫోను చేయాల్సిన పని లేదని గల్లీ అంతా వినపడేలా చెప్పాడు. ఇన్ని రోజుల చిరాకు ఒక్కసారిగా దిగిపోయి, ఆ కుర్రాణ్ని కౌగిలించుకుందామనిపించింది.

"ఒక్కటే పని మిగిలింది," అన్నాడు ఇమ్రాన్. షెడ్డు కింద చీకటిగా ఉందని, నడుస్తున్న వీడియో ఒకటి కావాలని, కారును కాస్త గల్లీలోకి తీస్తే అయిపోతుందని చెప్పాడు.

విఠల్‌రావు భుజం మీది తువ్వాలు తీసి, మెరుస్తున్న అద్దాన్నే మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు. గీత పడుతుందని భయపడుతున్నాడనుకుని, కావాలంటే తానే జాగ్రత్తగా తీస్తానని ఇమ్రాన్ తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. విఠల్‌రావు ఇంకా గట్టిగా తుడిచాడు.

కోమలవల్లి చాయ్ గ్లాసు తెచ్చి ఇమ్రాన్ చాపిన చేతిలో పెట్టింది.

"గేటు తీసేసి మల్గీ కట్టిచ్చిన నాడు ఈయన కారును లోపల్నే మర్చిపోయిన్రు, నాయినా."