డబ్బా అడుగు

బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టిన ఇల్లాలికి అడుగు తగిలింది గానీ, అమ్మ గొలుసు తగల్లేదు.



డబ్బా బోర్లించింది. గచ్చు మీద గుప్పెడు బియ్యం రాలాయి. అంతే.

పోయే ముందు అమ్మ తన మెళ్ళోంచి తీసి ఆమె మెళ్ళో వేసిన గొలుసు అది. బీరువాలో పెడితే దొంగలకి తెలిసిపోతుందని గుడ్డలో చుట్టి బియ్యం అడుగున దాచింది. డబ్బా సగమయ్యేలోగా మళ్ళీ బియ్యం పోసేసేది. ఇన్నేళ్ళలో దాని అడుగు చూసిన పాపాన ఎవరూ పోలేదు.

మరి ఇప్పుడెలా ఖాళీ అయింది?

మేడమీద పిన్నిగారి వల్ల!

పిన్నిగారంటే చుట్టమేమీ కాదు. పై గదిలో ఈమధ్యే ఒంటరిగా అద్దెకు దిగిన మనిషి. ఓ సాయంత్రం ఇల్లాలు కొత్త ప్లాస్టిక్ డబ్బాలు ఆపసోపాలు పడుతూ మోసుకొస్తుంటే మెట్ల దగ్గర ఎదురుపడ్డారు.

"ఇన్ని డబ్బాలేంటమ్మాయ్?"

"ఇల్లు సామానుతో నిండిపోయింది పిన్నిగారూ. సర్దుకోవాలిగా."

"సామాను తగ్గించడానికి ఇంకాస్త సామాను కొన్నావన్నమాట!"

ఇల్లాలికి ఒళ్ళూ మండింది, నవ్వూ వచ్చింది.

"లోపలికి రావచ్చా?" అన్నారు పిన్నిగారు. రండి అనేలోపే వంటింట్లో ఉన్నారు.

అల్మారా తలుపు తీస్తే పప్పు పొట్లాలు కాళ్ళ మీద పడ్డాయి. అన్నీ సగం సగం వాడినవే.

"ఏంటమ్మాయ్, కొట్టుగానీ పెడుతున్నావా?"

"అయ్యో, ఉన్నాయని తెలీక మళ్ళీ మళ్ళీ కొనేశానండీ."

"అడుగు కనబడందే కొత్తది కొనకు. అదొక్కటి గుర్తుపెట్టుకో, చాలు."

అప్పటినుంచి రోజూ వచ్చేవారు. అటక మీది పాత దుప్పటి కిటికీకి తెరయింది. చిరిగిన చొక్కాలు తుడుపుగుడ్డలయ్యాయి. ఖాళీ కాఫీ సీసాల్లోకి పప్పులు చేరాయి. అరిగిపోయిన సబ్బుముక్కలు పాత సాక్సులో దూరి స్నానాలగదిలో వేలాడాయి. ప్లాస్టిక్ డబ్బాలు వచ్చిన దారినే కొట్టుకి వెళ్ళిపోయాయి. ఇంట్లో గాలాడింది. చేతిలో డబ్బూ ఆడింది.

భర్త మాత్రం పిన్నిగారి ఊసెత్తితే పేపరు అడ్డం పెట్టుకునేవాడు.

"ఆవిడంటే మీకెందుకండీ అంత చిరాకు?"

"నాకేం చిరాకు? మీ ఇద్దరి మధ్య నేనెందుకులే!"

అడుగు చూడు, అడుగు చూడు అని ఆవిడెందుకు అంతగా చెప్పిందో ఇల్లాలికి ఇప్పుడు తెలిసొచ్చింది. కొంగు బిగించి మేడెక్కింది.

పిన్నిగారు గుమ్మంలో కూర్చుని తెగిన సంచీ పట్టీ కుట్టుకుంటున్నారు.

"రా అమ్మాయ్. ఏంటలా ఉన్నావు?"

"బియ్యం డబ్బాలో మూట ఏది?"

"ఏం మూట?"

"మా అమ్మ గొలుసు!"

గొలుసు అనగానే పిన్నిగారి మొహం పాలిపోయింది. ఇల్లాలికి ఆ సాక్ష్యం చాలు.

"ఇల్లు సర్దిపెడతానని చేరి నా ఇల్లు దోచేశారు కదా! నా వంటింట్లో మీరు చెయ్యి పెట్టని డబ్బా ఏదైనా ఉందా?"

కేకలకి అటూ ఇటూ తలుపులు తెరుచుకున్నాయి. పిన్నిగారు ఏదో చెప్పబోయారు. మళ్ళీ పెదాలు బిగించి, సూదిని జాగ్రత్తగా దారపుండకి గుచ్చారు.

"నేను తియ్యలేదమ్మాయ్" అన్నారు చివరికి.

ఇంటి యజమాని గది ఖాళీ చెయ్యమన్నాడు. మర్నాడు పొద్దున్నే ఆవిడ సందు వెంట వెళ్ళిపోవడం ఇల్లాలు కిటికీలోంచి చూసింది. ఒక చేతిలో సంచీ, ఇంకో చేతిలో బకెట్టు. అంతే సామాను.

"పీడ వదిలింది. కానీ ఊరికే వదల్ను" అంది భర్తతో. "చెప్పులేసుకోండి. ఆవిడ సందు చివర ఉండగానే పోలీసులకి చెబుదాం."

భర్త లేవలేదు.

"మీకే చెబుతున్నా! అది మా అమ్మ గొలుసండీ."

"పోలీసులొద్దు" అన్నాడు నేల చూపులు చూస్తూ. "గొలుసు తీసింది నేను."

ఇల్లాలు కిటికీ వదిలి అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"నా ఉద్యోగం పోయింది. గొలుసు అమ్మేశాను. జీతమని నీ చేతిలో పెడుతున్నది ఆ డబ్బే. క్యారేజీ పట్టుకుని రోజూ వెళ్ళేది పని వెతుక్కోడానికి."

"మరి పిన్నిగారు..."

"ఆఫీసులో నా పక్క కుర్చీ ఆవిడది. ఇద్దర్నీ ఒకే పూట పొమ్మన్నారు. అద్దె తక్కువని పై గది చూపించింది నేనే. నీకు విషయం తెలిసిపోతుందని, నన్ను ఎరగనట్టే ఉండమని బతిమాలాను. 'భార్య దగ్గర ఏంటా దాపరికం, ముందు చెప్పు' అని కనబడినప్పుడల్లా తిట్టేది. ఇల్లెలా గడుస్తోందని అడిగితే, దాచిన డబ్బేదో ఉందని అబద్ధం చెప్పాను, నమ్మింది. 'నువ్వు నీ భార్యకి చెప్పేదాకా ఆ డబ్బు కరిగిపోకుండా నేను చూస్తా' అని మన ఇంట్లోకి వచ్చింది. గొలుసు సంగతి నిన్న నీ నోటంటే విన్నాకే ఆవిడకి అర్థమై ఉంటుంది."

"ఒక్క మాట, ఒక్క మాట చెబితే సరిపోయేది కదండీ ఆవిడ!"

"చెప్పబోయింది. నువ్వు పైన అరుస్తున్నప్పుడు నేను మెట్ల మలుపులోనే ఉన్నాను. ఆవిడ నన్ను చూసింది. నేనే చెబుతానేమోనని ఆగింది. నేను చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా కిందికి దిగిపోయాను."