భుజమ్మీద చెయ్యి

చొక్కా చేతికి రెండు మడతలు పడ్డాయని లక్ష్మీకాంత్ పొద్దున్నే ఇల్లు పీకి పందిరేశాడు.

“ఇస్త్రీ అయి వచ్చినప్పుడు ఒకటే ఉంది. మీరే దాని మీద కూర్చున్నారు,” అంది ఛాయాదేవి.

“నేను కూర్చున్నది పేపరు మీద.”

“పేపరు కింద చొక్కా ఉంది.”

ఆ రోజు భవానీపురంలోని వాళ్ళ అపార్ట్‌మెంటు గేటుకి ఫ్లెక్సీ కడుతున్నారు. అసోసియేషన్ ప్రెసిడెంటు లక్ష్మీకాంతే. ఫొటోలు తీస్తారు. నలిగిన చొక్కాతో ఎలా?

ఛాయాదేవి చొక్కా పట్టుకుని సెల్లారులోకి దిగింది. మరియదాసు అక్కడ ఇస్త్రీ బల్ల వేసుకుని రెండు నెలలే అయింది. ఎడమచేతి చిటికెన వేలు సగమే ఉంటుంది. అయినా పనిలో వంక పెట్టడానికి లేదు.

“మావాడూ అంతేనమ్మగారూ. చేతికి ఒక్క గీతే ఉండాలనేవాడు,” అన్నాడు మడత సరిచేస్తూ.

“ఊఁ,” అని చొక్కా తీసుకుని వచ్చేసింది.

పదింటికి ఫ్లెక్సీ లేచింది. యుద్ధం గెలిపించిన నాయకుడు నిలువెత్తున నవ్వుతున్నాడు. ఆయన కాళ్ళ దగ్గర వరసగా తొమ్మిది మంది కమిటీ సభ్యుల ముఖాలు. ఓ మూల, యుద్ధంలో పోయిన జవాను ఒకడు. అతని భుజమ్మీద ఎవరిదో చెయ్యి.

“ఎవర్రా ఈ అబ్బాయి?” కొడుకుని అడిగింది ఛాయాదేవి. ఫ్లెక్సీ డిజైన్ చేసింది వాడే.

“ఏమో అమ్మా, వాట్సాప్‌లో వచ్చింది,” అన్నాడు జయంత్.

“ఆ చెయ్యేమిటి?”

“పక్కన ఇంకో మనిషున్నాడు, తీసేశా. చెయ్యి మాత్రం రాలేదు. ఎవరు చూస్తార్లే!”

లక్ష్మీకాంత్ తాడు ముడి వేసి, సెల్లారు వైపు తిరిగాడు.

“ఏం దాసూ, అదిరిందా?”

మరియదాసు వచ్చి చాలాసేపు చూశాడు.

“ఆ మూల బొమ్మ తీసెయ్యండి బాబుగారూ.”

“జవానుదా? మతుండే మాట్లాడుతున్నావా?”

“ఆ పిల్లాడి తాలూకు వాళ్ళని అడిగి వేశారాండీ?”

“అడిగేదేముంది? దేశం కోసం పోయాడు. యుద్ధం తప్పలేదు. దెబ్బకి దెబ్బ తీసే నాయకుడు ఇన్నాళ్ళకి దొరికాడు మనకి.”

“తప్పిందో తప్పలేదో నాకు తెలీదండీ. నలభై రోజులు కొట్టుకుని, చివరికి కూర్చుని మాట్లాడుకునే గదండీ ఆపారు. ఆ కూర్చునేదేదో ఒక్కరోజు ముందు కూర్చోలేకపోయారా అంటున్నా.”

“ఒక్కరోజులో ఏం కొంప మునిగిందయ్యా?”

మరియదాసు మళ్ళీ ఆ మూల బొమ్మ వైపు తిరిగాడు.

“ఎవరి తరఫున మాట్లాడుతున్నాడండీ ఈయన?” అన్నారు వెనక నుంచి ఎవరో.

ఛాయాదేవికి ఒళ్ళు మండిపోయింది.

“అక్కడ పిల్లలు మంచులో ప్రాణాలొదులుతుంటే, ఇక్కడ నీడపట్టున ఇస్త్రీ చేసుకునే నీకేం తెలుసయ్యా యుద్ధమంటే?”

మరియదాసు ఆమె వైపు తిరిగాడు.

“నిజమేనమ్మా,” అన్నాడు.

సాయంత్రానికల్లా సెల్లారు ఖాళీ చెయ్యమంది కమిటీ. అతను మిగిలిన బట్టలన్నీ ఇస్త్రీ చేసి, గడప గడపకీ తెచ్చిచ్చాడు. బల్ల ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. ఛాయాదేవి ఇంటికి వచ్చిన ఆరు చొక్కాలకీ చేతికి ఒక్కటే గీత.

తర్వాతి ఆదివారం కృష్ణ మీంచి గాలి విసురుగా కొట్టింది. రైతుబజారు నుంచి వస్తున్న ఛాయాదేవికి ఫ్లెక్సీ ఒకవైపు ఊడి గేటుకి అడ్డంగా వేలాడుతూ కనిపించింది. కూరల సంచి కిందపెట్టి, దాన్ని పక్కకి తప్పించబోయింది. జవాను బొమ్మ సరిగ్గా ఆమె కళ్ళ ముందుకొచ్చింది.

ఆమె అక్కడే నిలబడిపోయింది.

“మరియదాసు ఎటెళ్ళాడు?” వాచ్‌మన్ని అడిగింది.

“చెప్పలేదమ్మా. ఫోను నంబరు కూడా ఎవరి దగ్గరా లేదు.”

మధ్యాహ్నం ముగ్గురూ భోజనాలకి కూర్చున్నారు. ఛాయాదేవి అన్నం వడ్డించింది, పప్పు వేసింది. తన కంచంలో మాత్రం ఏమీ పెట్టుకోలేదు.

“ఆ ఫ్లెక్సీ ఇవాళే దింపేయండి. మీరు దింపకపోతే నేను దింపుతా. రేపట్నుంచి ఊళ్ళో ప్రతి ఇస్త్రీ బల్ల దగ్గరికీ వెళ్తా, మరియదాసు దొరికేదాకా.”

లక్ష్మీకాంత్ ముద్ద కిందపెట్టాడు. “దేశాన్ని తిట్టినవాడి కోసమా? నీకేమైనా పిచ్చా?”

“దేశాన్ని తిట్టలేదు. ఒక్కరోజు అడిగాడు. ఆ మాటకి మీరు వెళ్ళగొట్టారు. నేను అంతకన్నా పెద్ద మాటే అన్నాను.”

“ఇప్పుడేమైందమ్మా?” అన్నాడు జయంత్.

“ఎవరు చూస్తార్లే అన్నావుగా, వెళ్ళి చూడు,” అంది ఛాయాదేవి. “కొడుకు భుజమ్మీద నువ్వు తీయలేకపోయిన ఆ తండ్రి చేతికి చిటికెన వేలు సగమే ఉంది.”