అడిగితేనే లింకు

మిరప రైతుల వాట్సాప్ గ్రూపులో ఎవరూ అడక్కుండా సొంత వెబ్‌సైటు లింకు పెడితే, గ్రూపులో చేరినవాళ్లంతా తొడుక్కోవాల్సిన చేతి కడియం ఆ ఫోను మనిషిని కరెంటుతో కొడుతుంది. వీరకుమారి రెండేళ్లుగా అందరి చేల తెగుళ్లకూ మందు చెబుతోంది గాని, తన విత్తనాల సైటు ఊసెత్తలేదు. ఈ పంట కారు దాటితే అమ్ముడుపోని విత్తనం ఇక మొలవదని భయపడి, మొగుడు నాగేంద్రం ఆమె ఫోన్లోంచి లింకు పెట్టేశాడు. పొయ్యి దగ్గరున్న వీరకుమారి కెవ్వుమంది. కుడి ముంజేతి తోలు కాలి ఊడి నెత్తురు కారింది.

"నీ చేతులు పడిపోను! పెట్టేది నువ్వు, తన్నులు నాకా?" అంటూ కడియం ఊడబీకి అతని చేతికి బిగించింది.

అంతలో గ్రూపులో ఒక రైతు ఆకుముడతకు మందడిగాడు. ఆమె ఎడమ చేత్తోనే జవాబు రాసింది.

"అక్కా, నీ విత్తనాలు ఎక్కడ దొరుకుతయ్?" అని రాశాడా రైతు.

వీరకుమారి లింకు పెట్టింది.

"వద్దే, చస్తా!" నాగేంద్రం కళ్లు మూసుకుని అరిచాడు. కడియం కొట్టలేదు.

"కళ్లు తెరువయ్యా, వాళ్లే అడిగారు," అందామె, కాలిన చేతిని నీళ్లలో ముంచుతూ.